గడియారం ముందు పాస్టెల్ స్టిల్ లైఫ్: ఒక అభ్యాసకురాలి కేస్ స్టడీ

ఈ కేసులోని అభ్యాసకురాలు వృత్తిరీత్యా యంత్రభాగాల డ్రాయింగులు గీస్తారు. పెన్సిల్ పడితే చాలు, కప్పు అంచులోని దీర్ఘవృత్తం, సీసా భుజాల వంపు, రెండు వస్తువుల మధ్య ఎడం వంటివి ఆమె చేతిలో దాదాపు తప్పు లేకుండా పడతాయి. పాస్టెల్ (పొడి రంగు ముక్కలు) దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక్కో స్టిల్ లైఫ్ (ఎదుట పేర్చిన వస్తువుల చిత్రం) గంటల తరబడి సాగేది. సాగినకొద్దీ రంగులు మురికిపడి, వస్తువులు కాగితానికి అతుక్కుపోయినట్టు చదునుగా కనిపించేవి. తన చెయ్యి నెమ్మదని, వేగంగా వేయడం నేర్పమని ఆమె నన్ను కోరారు. తర్వాత నెలల తరబడి సాగిన అభ్యాసంలో నేను ఆమె చేతి వేగం జోలికే వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో, దానికి బదులు ఏమి మార్చామో, వాటివల్ల ఏది కుదుటపడిందో, ఏది ఇంకా మొండికేస్తోందో ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను; గుర్తుపట్టే వివరాలు వదిలేశాను.

మొదటి పరిశీలన

ఏ సలహా ఇవ్వకుండా, మామూలుగా ఎలా వేస్తారో అలాగే వేయమని చెప్పి పక్కన కూర్చున్నాను. ఎదుట ఉన్నవి మూడే వస్తువులు: ఒక నిమ్మకాయ, ఒక తెల్ల పింగాణీ కప్పు, ఒక ముదురు ఆకుపచ్చ గాజు సీసా. తెల్ల కాగితం మీద మూడింటి ఆకారాలనూ ఆమె సన్నని పెన్సిల్ గీతల్లో పూర్తిగా గీశారు. సీసా మీద మెరుపు పడిన చోటును కూడా చిన్న గడిలా గీసి పెట్టుకున్నారు. ఆ తర్వాత డెబ్బై రెండు ముక్కల పెట్టె తెరిచి నిమ్మకాయతో మొదలుపెట్టారు. అది పూర్తయ్యేదాకా కప్పు వైపు చూడనే లేదు. పెట్టెలోంచి ఒక ముక్క తీయడం, పక్క కాగితం మీద గీసి చూడడం, నచ్చక ఇంకొకటి తీయడం, చివరికి రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేసి వేలితో రుద్దడం, ప్రతి మచ్చకూ ఇదే వరుస. చెయ్యి కదులుతున్నంతసేపూ ఆమె గీత చురుగ్గానే ఉంది. కాలమంతా ఖర్చయింది గీతకూ గీతకూ నడుమ.

అంటే ఏ భాగం ముదురు, ఏ భాగం లేత అనే నిర్ణయం చిత్రం మొదట్లో ఒక్కసారి జరిగిపోవాల్సింది, ఆమె విషయంలో ప్రతి మచ్చ దగ్గరా కొత్తగా జరుగుతోంది. నూనెరంగుల్లో ఈ అలవాటు కొంతవరకు చెల్లుతుంది. అక్కడ రంగును పాలెట్ మీద కలిపి, సరిచూసుకుని, ఆ తర్వాతే కాన్వాసు మీద పెట్టవచ్చు. పాస్టెల్‌కు పాలెట్ లేదు. కలపడమూ, సరిచూడడమూ, దిద్దడమూ అన్నీ కాగితం మీదే జరగాలి. పడిన ప్రతి పొరా కాగితపు గరుకును కొంత నింపుతుంది. గరుకు నిండిన తర్వాత పైన ఎంత మంచి రంగు వేసినా పట్టు దొరకక జారిపోతుంది. తటపటాయింపుకు నూనెరంగులో కాలమొక్కటే ఖర్చవుతుంది, పాస్టెల్‌లో కాగితం కూడా ఖర్చవుతుంది. ఆమె చిత్రాలు మురికిపడడానికీ ఆలస్యం కావడానికీ మూలం ఒక్కటేనని నేను నిర్ధారణకు వచ్చింది ఇక్కడే. తొందరగా వేయడాన్ని లక్ష్యంగా పెట్టుకుంటే ఆ మురికి మరింత తొందరగా వస్తుందే తప్ప పోదు. నిర్ణయాలను ముందుకు జరిపితే కాలం దానంతట అదే తగ్గుతుందని నా అంచనా.

సామగ్రి, ఏర్పాటు

మొదటి పని పెట్టెను సర్దడం. మెత్తని పాస్టెల్‌లో ఉండేవి వర్ణకపు (రంగునిచ్చే పదార్థపు) పొడి, సుద్ద వంటి తెల్లని పూరకం, ముక్క నిలబడేటంత కొద్దిపాటి జిగురు. సంప్రదాయంగా ఆ జిగురు ట్రాగకాంత్ బంక. తయారీదారులు ఒకే వర్ణకానికి తెలుపు కలుపుతూ లేత ముక్కలను, నలుపు కలుపుతూ ముదురు ముక్కలను తయారు చేసి, ఆ వరుసలను రంగు ప్రకారం పెట్టెలో పేరుస్తారు. చూడడానికి అందంగా ఉంటుంది కానీ, పనిచేసేటప్పుడు అది తోవ తప్పిస్తుంది, ఎందుకంటే చిత్రకారుడు తొందరలో ఉన్నప్పుడు ముందు వెతకాల్సింది రంగు ఎంత ముదురో, ఎంత లేతో చెప్పే టోన్‌ను, ఆ తర్వాతే రంగును. అందువల్ల పెట్టె మొత్తాన్ని బయట పోసి, మూడు పళ్లేల్లోకి సర్దమన్నాను. రంగులను కొలిచే మన్సెల్ పద్ధతిలో నలుపును 0గా, తెలుపును 10గా లెక్కిస్తారు; ఆ కొలతలో సుమారు 3 దాకా ఒక పళ్లెం, 4 నుంచి 6 దాకా ఒకటి, ఆపైవన్నీ మరొకటి.

ఈ సర్దుబాటుకే ఒక పూట పట్టింది, అయితే ఆమెకు అత్యంత ఉపయోగపడినది బహుశా ఇదే. నిప్పులా మండే ఎరుపు ముక్క, నీరసంగా కనిపించే ఆకుపచ్చ ముక్క ఒకే పళ్లెంలో పడడం ఆమెను ఆశ్చర్యపరిచింది. అనుమానం వచ్చిన ముక్కలను బూడిద కాగితం మీద గీసి, కళ్లు సగం మూసి చూసి, చివరగా ఫోన్‌తో నలుపు తెలుపు ఫొటో తీసి సరిపోల్చుకున్నారు. ఫొటోను నేను ఈ ఒక్క పనికే అనుమతించాను. వస్తువుల ఏర్పాటును ఫొటోలో చూస్తే కెమెరా నీడలను తనకు తోచినట్టు ముదురు చేసేస్తుంది. ఆ పని కంటికే వదిలేయాలి.

ఒక్కో చిత్రానికి తొమ్మిది ముక్కలకు మించి వాడకూడదని నియమం పెట్టాం. ఒక్కో పళ్లెం నుంచి మూడు, వేయడం మొదలుపెట్టకముందే ఎంచుకోవాలి, మధ్యలో మార్చకూడదు. ప్రతి ముక్కనూ రెండు మూడు సెంటీమీటర్ల తునకలుగా విరిచి, మొనతో కాకుండా పక్కవాటుతో వేయాలి. కొత్త పెట్టెలోని నిండు ముక్కను విరవడానికి చాలామందికి మనసొప్పదు, ఆమెకూ ఒప్పలేదు. కానీ నిండు ముక్కను మొనతో పట్టుకున్నంతకాలం చెయ్యి గీతే గీస్తుంది. పక్కవాటుతో పెడితే ఒక్క ఊపులో కప్పు నీడ వైపంతా ఒకే పరచుగా పడిపోతుంది.

కాగితం నడిమి టోన్ ఉన్న బూడిద రంగుది, 160 జీఎస్‌ఎమ్‌ది. ఏ3 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే వచ్చే సైజు చాలు. ఈ రకం కాగితాల్లో ఒకవైపు తేనెపట్టు గళ్లలాంటి అచ్చు తేలి కనిపిస్తుంది, రెండోవైపు గరుకు సన్నగా ఉంటుంది. చిన్న చిత్రాలకు సన్నని వైపే నయం, లేకపోతే ఆ గళ్లు నిమ్మకాయ చర్మం కన్నా ముందు కంటికి ఆనుతాయి. తెల్ల కాగితాన్ని మానిపించడానికి కారణం వేరే ఉంది. తెలుపు మీద పడిన ఏ మొదటి రంగైనా అసలుకన్నా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, చెయ్యి భయపడి అన్నింటినీ లేతగా వేస్తుంది. బూడిద కాగితం నడిమి టోన్‌ను ముందే ఇచ్చేస్తుంది. దానికన్నా ముదురువి ఏవో, లేతవి ఏవో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

ఏర్పాటు సాదా. మూడువైపులా మూసిన అట్టపెట్టెలో వస్తువులు, ఎడమవైపు పైనుంచి ఒకే దీపం, గదిలో మిగతా దీపాలు ఆర్పివేసి, బోర్డు మీదికి మాత్రం వేరే దీపం. బోర్డు దీపం రంగు బాగా పసుపైతే, తర్వాత పగటి వెలుతురులో చిత్రం వేరే రంగుల్లో కనిపించి నిరాశపరుస్తుంది. 5000 కెల్విన్ దరిదాపుల్లో ఉండే దీపంతో ఆ తేడా తగ్గుతుంది. కూర్చునే చోటు వస్తువులున్న మేర వెడల్పుకు కనీసం మూడింతల దూరంలో ఉండాలి. దగ్గరకు జరిగితే కన్ను ఒక్కో వస్తువునూ విడివిడిగా చూస్తుంది.

ఇరవై నిమిషాల పంపకం

ఒక్కో చిత్రానికి ఇరవై నిమిషాలు కేటాయించాం. మొదటి మూడు నిమిషాలు చేతిలో ఏమీ ఉండకూడదు: కళ్లు సగం మూసి చూడడం, తొమ్మిది ముక్కలు తీసుకోవడం. తర్వాతి రెండు నిమిషాల్లో అగ్గిపెట్టెంత గడిలో బొగ్గుతో నలుపు, కాగితపు బూడిద, తెలుపు అనే మూడు టోన్లతో మొత్తం అమరికను వేసుకోవాలి. వస్తువుల పేర్లు ఈ గడిలో ఉండవు. సీసా, సీసా నీడ, బల్ల వెనుక చీకటి ఒకే నల్ల ఆకారంగా కలిసిపోతే కలిసిపోనివ్వాలి. పెన్సిల్ గీతలు పూర్తిగా నిషేధం. అసలు కాగితం మీద ముందుగా గట్టి పాస్టెల్‌తో ముదురు ఆకారాలన్నీ పడాలి, తర్వాత నడిమివి, ఆపైన మెత్తని ముక్కలతో లేతవి, చిట్టచివర మెరుపులు. గట్టివాటి తర్వాత మెత్తవి వేయడానికి కారణం భౌతికమైనదే: గట్టి ముక్క పొడి తక్కువ వదులుతుంది, గరుకును నింపేయదు, మెత్తది మొదట పడితే దాని మీద గట్టిది దున్నినట్టు గాడి పెడుతుందే కానీ రంగు వదలదు.

టైమర్ మోగగానే ఆపాలి, మెరుపు ఒక్కటే మిగిలి ఉన్నా ఆపాలి. ఈ నియమాన్ని ఆమె మొదట్లో అసహ్యించుకున్నారు. అసంపూర్ణంగా ఉన్న బొమ్మను వదిలేయడం ఆమె వృత్తి సంస్కారానికే విరుద్ధం. కానీ నేను సడలించలేదు, ఎందుకంటే చివర్లో దిద్దుకోవచ్చన్న ఆశ మిగిలి ఉంటే మొదటి అయిదు నిమిషాల నిర్ణయాలకు విలువ ఉండదు.

నిమ్మకాయ నీడ వైపు

మొదటి వారాల చిత్రాల్లో కప్పు, సీసా త్వరగానే దారికొచ్చాయి. నిమ్మకాయ మాత్రం ప్రతిసారీ కుళ్లినట్టు కనిపించేది. దీపం వైపు మంచి పసుపు వేసేవారు, నీడ వైపు అదే పసుపు మీద బూడిదనో నలుపునో తేలికగా పరిచేవారు. నలుపు పసుపుతో కలిస్తే పచ్చటి మురుగు రంగు వస్తుంది. అది చూసి కంగారుపడి వేలితో రుద్దితే మురుగు వెలుతురు వైపుకు కూడా పాకేది.

పళ్లేలు సర్దినప్పటి సంగతి ఇక్కడ పనికొచ్చింది. మేలిమి పసుపు లేత టోన్లలోనే ఉంటుంది. ముదురు పళ్లెంలో కళ్లకు పసుపుగా అనిపించే ముక్క ఒక్కటీ లేదు, ఉండదు కూడా. పసుపును ముదురు చేస్తూ పోతే అది గోధుమ రంగుగానో ఆలివ్ ఆకుపచ్చగానో మారిపోతుంది. కాబట్టి నిమ్మకాయ నీడ వైపుకు పసుపు ముక్కే తాకకూడదని తేల్చుకున్నాం. మొదట ఆ భాగమంతా ఆలివ్ ఛాయ ఉన్న గోధుమ రంగు ముక్కతో పక్కవాటుగా ఒకే పరచు. వెలుతురు నీడలోకి తిరిగే సరిహద్దు దగ్గర ఎల్లో ఓకర్ (మట్టి పసుపు). ఆ తర్వాతే దీపం వైపు పసుపు, అది కూడా రెండు మూడు గట్టి ఒత్తుళ్లతో మాత్రమే. మొత్తం కాయ ఇరవై గీతల లోపు అయిపోయింది. నీడ భాగాన్ని విడిగా చూస్తే అక్కడ గోధుమ రంగు తప్ప మరేమీ లేదు; మొత్తంగా చూస్తే నీడలో ఉన్న నిమ్మకాయే కనిపించింది.

బల్ల మీద పడిన నీడ విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుండేది. పసుపు పక్కన నీడ ఊదాగా కనిపిస్తుందని ఆమె ఎక్కడో చదివి, చిక్కటి ఊదా ముక్క వాడేవారు. కనిపించడం నిజమే. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి తమ విరుద్ధ వర్ణం వైపు నెట్టినట్టు కంటికి తోస్తాయని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజెన్ షెవ్రోల్ 1839లోనే విస్తృతంగా వివరించాడు. అయితే ఆ నెట్టుడు కంటిలో జరిగేది కాబట్టి, చిత్రంలో పసుపు పక్కన తటస్థమైన బూడిద పెట్టినా చూసేవారి కన్ను ఆ ఊదాను తానే కొంత చేర్చుకుంటుంది. మనం ముందే చిక్కటి ఊదా వేస్తే రెట్టింపవుతుంది. రెండు చిత్రాలు పక్కపక్కన వేయించి చూశాం. బూడిద వేసినదే ఎక్కువ నమ్మదగినట్టుగా ఉంది. ఊదా వేసినదాంట్లో నిమ్మకాయ కింద ఎవరో సిరా ఒలికించినట్టు ఉంది.

ప్రతిఫలిత కాంతి గురించి ఒక్క మాట. బల్ల నుంచి తిరిగి కాయ అడుగున పడే వెలుతురు నిజంగానే ఉంటుంది, ఒకసారి గమనించాక అది మరీ ఎక్కువగా కనిపించడం మొదలుపెడుతుంది. నీడలో ఉన్న ఏ వెలుతురూ వెలుగులో ఉన్న ఏ ముదురుకన్నా లేతగా ఉండకూడదని నియమం పెట్టుకుంటే చాలావరకు అదుపులో ఉంటుంది.

తెల్ల కప్పు, దాని అంచు

ఈ అభ్యాసమంతటిలో నాకు అన్నింటికన్నా నేర్పరితనం కనిపించిన చోటు కప్పు. ఆమె పెన్సిల్ చిత్రంలో కప్పు అంచు నిర్దుష్టమైన దీర్ఘవృత్తం, అయినా పాస్టెల్‌లో అది కప్పు మీద అతికించిన తీగలా ఉండేది. దాని బదులు దీపం ఏం చేస్తోందో చూడమన్నాను. దీపం ఎడమవైపు ఉంది. కప్పు బయటి గోడ ఎడమన వెలిగి, కుడివైపుకు పోయేకొద్దీ నీడలోకి జారుతుంది. ఇది అందరికీ తెలుసు. లోపలి గోడ పుటాకారం కాబట్టి అక్కడ లెక్క తిరగబడుతుంది: దీపానికి దగ్గరగా ఉన్న ఎడమ లోపలి గోడ చీకట్లో ఉంటుంది, దీపానికి ఎదురుగా ఉన్న కుడి లోపలి గోడ వెలుగుతుంది. ఆమె అంతవరకు లోపలా బయటా ఎడమవైపు లేతగానే వేస్తున్నారు. కారణం తెలిసిందే, ఎడమ అంటే వెలుతురు అని బుద్ధి ముందే తీర్మానించేసింది.

ఇది సరిచేయగానే అంచు గీయాల్సిన అవసరమే పోయింది. ఎడమ చివర లేత బయటి గోడ ముదురు లోపలి గోడను తాకుతుంది, కుడి చివర ముదురు బయటి గోడ లేత లోపలి గోడను తాకుతుంది. ఆ రెండు తాకిడులే అంచు. ఈ రెండింటికీ నడుమ, ముందువైపు అంచు మీద ఎక్కడో ఒకచోట లోపలి టోన్, బయటి టోన్ సమానమై అంచు పూర్తిగా మాయమవుతుంది. ఆ చోటు దొరికిన రోజున ఆమె చాలాసేపు నమ్మలేదు. ఉన్నదని తెలిసిన అంచును గీయకుండా వదిలేయడం డ్రాయింగు బల్ల మీద నేరం లాంటిది. వదిలి చూశారు. చూసేవారి కన్ను తెగిన చోటును తానే పూరించుకుంటుందని మూడు మీటర్ల దూరం నుంచి చూసి ఒప్పుకున్నారు.

తెలుపు ఎంత ముదురుగా ఉంటుందో తేల్చుకోవడం ఇంకో మెట్టు. ఒకే దీపం కింద కప్పు నీడ వైపు నడిమి పళ్లెంలోని బూడిద ముక్కతో సరిపోయింది, కొన్ని ఏర్పాట్లలో వెలుగు పడిన బూడిద బల్లకన్నా కూడా ముదురుగా వచ్చింది. తెల్ల వస్తువుకు తెల్ల ముక్క వాడేది మెరుపు కోసం, దాని చుట్టూ కొద్ది మేరకు మాత్రమే. మిగతా వెలుగు వైపుకు లేత క్రీమ్ ముక్క చాలు. అప్పుడే మెరుపుకు పైన ఖాళీ మిగులుతుంది.

సీసా గురించి ఇంత రాయాల్సిన పని లేదు. రంగు గాజులో దీపం వైపు మెరుపు తప్ప మిగతాదంతా ముదురుగానే ఉంటుంది, వెలుతురు గాజు గుండా దూసుకెళ్లి ఎదుటి వైపున రంగుగా వెలుగుతుంది. ముదురు పరచు ఒకటి, కుడి అంచు లోపల చిక్కటి ఆకుపచ్చ ఒకటి, ఎడమన మెరుపు ఒకటి పడితే అదే సీసా అయిపోతుంది. గుండ్రటి గట్టి వస్తువుల పద్ధతిని సీసాకు వర్తింపజేయడమే చాలామందికి అడ్డంకి.

వేలితో రుద్దడం మానడం

అన్ని నియమాల్లోకీ ఆమెకు కష్టమైనది ఇదే. వేలితో రుద్దితే గీతలు కరిగి నునుపు వస్తుంది, నునుపు వస్తే పని పూర్తయిన భావన కలుగుతుంది. అయితే రుద్దినప్పుడు పొడి గరుకు లోపలికి కూరుకుపోతుంది, పై పొర చదునై రంగు ప్రకాశం తగ్గుతుంది, వేలి జిడ్డు చేరితే తర్వాతి పొర పట్టదు. ఇవన్నీ చెప్పాను. వాటికన్నా, ఆమె రుద్దుతున్న సందర్భాలను ఆమెకే చూపించడం ఎక్కువ పనిచేసింది. టోన్ మీద నమ్మకం లేని చోటనే ఆమె వేలు కాగితం మీదికి వెళ్లేది. నమ్మకంగా వేసిన సీసా ముదురును ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

నునుపైన పాస్టెల్ తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు. స్విస్ చిత్రకారుడు జాన్ ఎతియెన్ లియోతార్ 1744 ప్రాంతంలో చదును చేసిన జంతు చర్మం, అంటే పార్చ్‌మెంట్ మీద వేసిన, ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న చాక్లెట్ తెచ్చే యువతి చిత్రంలో, ఆమె చేతిలోని పళ్లెం, నీళ్ల గ్లాసు, పింగాణీ కప్పు తమంతట తామే ఒక స్టిల్ లైఫ్. ఎక్కడా గీత జాడ కనిపించదు. ఆ నునుపు ఓపికగా, కాలం తీసుకుని సాధించినది. దాని పక్కన నేను ఫ్రెంచ్ చిత్రకారుడు జాన్ సిమెయోఁ షార్దాఁ స్వీయచిత్రాలను పెట్టి చూపించాను. జీవితమంతా నూనెరంగుల్లో స్టిల్ లైఫ్‌లు వేసిన ఆయన కంటిచూపు దెబ్బతిన్నాక పాస్టెల్‌కు మారాడు. 1771, 1775 సంవత్సరాల స్వీయచిత్రాల్లో చెంప మీద వేర్వేరు రంగుల గీతలు పక్కపక్కనే విడివిడిగా నిలిచి ఉంటాయి, దూరం నుంచి చూస్తే చర్మంగా కలిసిపోతాయి. ఇరవై నిమిషాల పనికి మార్గం షార్దాఁదే. రంగులను కాగితం మీద కలపడం మాని కంటిలో కలవనిస్తే ఒక పొర ఆదా అవుతుంది, అంతమేరకు గరుకు మిగులుతుంది.

వేలి స్థానంలో ఒక ప్రత్యామ్నాయం ఇచ్చాను. రెండు టోన్ల మధ్య మెత్తని మలుపు కావాలంటే, నడిమి టోన్ ముక్కను సరిహద్దు మీదుగా, ఆకారం వంపును అనుసరిస్తూ, ఒత్తిడి లేకుండా ఒక్కసారి ఈడ్చాలి. అది చాలని చోట అసలు మెత్తదనం అక్కర్లేదని భావించాలి.

పది నిమిషాలకు కుదించి చూసినప్పుడు

ఇరవై నిమిషాల చిత్రాలు నిలకడగా వస్తున్న దశలో కాలాన్ని సగానికి కుదించి కొన్ని చిత్రాలు వేయించాను. చేతి వేగమే సమస్య అయితే ఇక్కడ తెలిసిపోవాలి. చెయ్యి సరిపోయింది, పది నిమిషాల్లోనూ అన్ని ఆకారాలూ పడ్డాయి. కానీ ఆమె మొదట త్యజించింది బొగ్గు గడిని, రెండోది కళ్లు సగం మూసి చూసే మూడు నిమిషాలను. ఫలితంగా పాత చిత్రాల్లోని లక్షణాలన్నీ, బల్ల నీడలో చిక్కటి ఊదాతో సహా, తిరిగి వచ్చాయి. ముందు అయిదు నిమిషాలనూ కదపకుండా వేసే సమయాన్ని మాత్రం అయిదు నిమిషాలకు తగ్గించినప్పుడు చిత్రాలు పలచబడ్డాయే కానీ చెడిపోలేదు. సీసా, కప్పు, నిమ్మకాయ దూరం నుంచి గుర్తుపట్టేలాగానే ఉన్నాయి. మొదటి అంచనాకు నా దగ్గరున్న అత్యంత గట్టి ఆధారం ఈ తేడాయే. ఆ తర్వాత ఇరవై నిమిషాలకే తిరిగి వచ్చాం.

ధూళి, భద్రత

త్వరత్వరగా, గట్టిగా వేసినప్పుడు ధూళి ఎక్కువ రాలుతుంది. బోర్డును నిట్టనిలువుగా, వీలైతే పైభాగం కాస్త ముందుకు వంగేలా నిలిపి, కింద మడిచిన కాగితం పెడితే పొడి అందులో పడుతుంది. నోటితో ఊదడం పూర్తిగా మానాలి. కొన్ని ముక్కల్లో కాడ్మియం, కోబాల్ట్ వంటి, పీలిస్తే హాని చేసే వర్ణకాలు ఉంటాయి. బల్లను పొడి గుడ్డతో దులపకుండా తడిగుడ్డతో తుడవాలి, పలుచని చేతితొడుగులు వాడాలి. ఈ అభ్యాస చిత్రాలకు ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే ద్రవం) కొట్టించలేదు, ఎందుకంటే అది లేత టోన్లను ముదురు చేసి, మేం సరిపోల్చాలనుకున్న తేడాలనే చెరిపేస్తుంది. నడుమ నునుపైన, పలుచని గ్లాసిన్ కాగితం పెట్టి దొంతరగా దాచాం.

ఫలితం, మిగిలిన సమస్యలు

కొన్ని నెలల తర్వాత మొదటి రోజు అమరికనే, అవే మూడు వస్తువులతో, కాలపరిమితి లేకుండా వేయమన్నాను. ఆమె తనంతట తానే ముందు బొగ్గు గడి వేసుకున్నారు, పెట్టెలోంచి పదీ పన్నెండు ముక్కలకు మించి తీయలేదు, మూడు వస్తువులనూ కలిపి ముందుకు తీసుకెళ్లారు, గంటలోపే ఆపేశారు. వేలు వాడింది వెనుక చీకటి భాగంలో ఒక్కచోట, అదీ తెలిసి. నిమ్మకాయ నీడ వైపు శుభ్రంగా ఉంది. పాత చిత్రం పక్కన పెట్టి చూస్తే కొలతల్లో పాతదే కొంచెం మెరుగు; పెన్సిల్ ఆధారం పోవడంతో సీసా మెడ ఒకవైపు వాలింది. ఈ నష్టాన్ని ఇద్దరం ముందే ఊహించాం, ఆమె లాంటి గట్టి డ్రాయింగు ఉన్నవారు దాన్ని తిరిగి రాబట్టుకోగలరు.

ఈ చివరి సంగతి వల్లనే ఈ కేసును అందరికీ వర్తించేదిగా నేను చూపను. ఆకారం పట్టుకోవడమే ఇంకా రాని అభ్యాసకుడికి ఇదే క్రమం ఇస్తే టోన్ తప్పులూ ఆకారపు తప్పులూ కలిసిపోయి, ఏది ఎక్కడ మొదలైందో తెలియని పరిస్థితి వస్తుంది. అలాంటివారికి నేను రంగు ముక్కలకన్నా ముందు బొగ్గుతో, ఒకే వస్తువుతో మొదలుపెడతాను. రంగు మీద సహజమైన పట్టు ఉండి, టోన్ తెలియనివారికి పళ్లేలు సర్దే పని మేలు చేస్తుంది కానీ, తొమ్మిది ముక్కల నియమం వారిని అనవసరంగా బిగించవచ్చు.

ఆమె విషయంలో తీరనిది అంచుల సమస్య. కప్పు అంచు దగ్గర నేర్చుకున్నది ఇతర చోట్లకు ఇంకా పూర్తిగా వ్యాపించలేదు. నిమ్మకాయ, సీసా, పడిన నీడల హద్దులన్నీ ఒకే పదునుతో తెగుతున్నాయి. పడిన నీడ వస్తువు పాదం దగ్గర పదునుగా, దూరం పోయేకొద్దీ చెదిరి ఉంటుందని ఆమెకు తెలుసు, అయినా చెయ్యి తెగిన గీత వైపే మొగ్గుతోంది. అందుకని ఇప్పుడు గట్టి వస్తువులు తీసేసి, ఒక నలిగిన తెల్ల గుడ్డను పెట్టాం. గుడ్డ మడతలో ఒకే హద్దు మొదట పదునుగా ఉండి నాలుగు వేళ్ల దూరంలో కరిగిపోతుంది కాబట్టి, కొలిచి గీయడానికి అక్కడ పట్టు దొరకదు. కాగితం, టైమర్, బొగ్గు గడి పాతవే. ముక్కలను మాత్రం తొమ్మిది నుంచి అయిదుకు తగ్గించాం.